నీరు, నిప్పు, నూనె: చిన్న ఆవిరి ఇంజనును సిద్ధపరచు విధము



ఆవిరి ఇంజను అనగానే మనలో పెద్దవారికి కాజీపేట, బెజవాడ, గుంతకల్లు స్టేషనులు జ్ఞాపకమునకు వచ్చును. పొగ, కూత, ఇంజను పార్శ్వమున కారుచున్న వేడినీరు, బొగ్గు ఎగద్రోయువాని నల్లని చేతులు, ఇవన్నియు ఒకనాడు మనకు పరిచయమైన సంగతులే. మన దేశమందు చిత్తరంజను కర్మాగారములో కడపటి ఆవిరి ఇంజను 1972లో తయారయ్యెను. తరువాత డీజిలును, విద్యుత్తును వాటి స్థానమును పుచ్చుకొనెను. నీలగిరి కొండలలోను, డార్జీలింగులోను మాత్రము నేటికిని కొన్ని ఆవిరి బండ్లు నడుచుచున్నవి.

ఇంగ్లాండు దేశమందైతే ఆవిరి మరియొక రీతిగా బ్రదికి యున్నది. అక్కడ కమ్మరులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు, పింఛను పుచ్చుకొన్న వృద్ధులు తమ ఇంటి వెనుకనున్న చిన్న కొట్టములో సంవత్సరముల తరబడి శ్రమించి, పెద్ద ఇంజనులో పదకొండవ వంతు పొడవుగల చిన్న ఇంజనును తమ చేతులతో తయారు చేయుదురు. ఇది కీలు త్రిప్పిన పరుగెత్తు ఆటబొమ్మ కాదు. దీనిలో నిజమైన నిప్పు మండును, నిజమైన నీరు కాగును, నిజమైన ఆవిరి పిస్టనును త్రోయును. ఇద్దరు మనుష్యులు పట్టి ఎత్తవలసినంత బరువుగల ఇంజను, తన యజమానునితో కూడ అనేకులను చిన్న బండ్లమీద కూర్చుండబెట్టుకొని లాగగలదు.

ఆ బండ్లమీద కూర్చుండువారిలో ఎక్కువమంది పిల్లలు. తల్లిదండ్రులు బాయిలరును విప్పి చూచి ఎక్కించరు. నడుపువానిని నమ్మి ఎక్కింతురు. ఆ నమ్మకమునకు తగినట్లు ఇంజనును ఎట్లు సిద్ధపరచవలెను, ఎట్లు కాపాడవలెను అనునదే ఈ పాఠము.

1. ఈ పనికి పుట్టినిల్లు

1898వ సంవత్సరమున లండనులో పెర్సివల్ మార్షల్ అనునతడు చేతిపనివారి కొరకు ‘మోడల్ ఇంజనీర్’ అను పత్రికను ప్రారంభించెను. అదే సంవత్సరమున అట్టి పనివారి సంఘమొకటి అక్కడ స్థాపింపబడెను. తరువాత అనేక పట్టణములలో ఇట్టి సంఘములు లేచి, తోటలలో చిన్న పట్టాలు వేసికొనెను.

ఈ పనిని సామాన్యులకు అందించినవారిలో ముఖ్యుడు ‘ఎల్.బి.ఎస్.సి.’ అను కలము పేరుతో వ్రాసిన రచయిత. 1967లో మరణించువరకు ఆయన ఎన్నో ఇంజనుల పటములు గీచి, మేకు మొదలుకొని చక్రము వరకు ప్రతి భాగమును చేయు విధమును పొరుగువానితో మాటలాడునట్లు వ్రాసెను. 1920వ దశకములో, అంత చిన్న బాయిలరులో రాక్షసి బొగ్గు మండదని కొందరు వాదించుచుండగా, ఆయన తన ‘ఆయేషా’ అను చిన్న ఇంజనులో బొగ్గు వేసి మనుష్యులను లాగి చూపెను. క్రొత్తవారికొరకు ఆయన వ్రాసిన ‘టిచ్’ అను ఇంజను చాల చిన్నది, సులభమైనది.

ఈ ఇంజనులను పట్టాల మధ్యనున్న వెడల్పును బట్టి పిలుచుదురు. రెండున్నర, మూడున్నర, అయిదు, ఏడుంబావు అంగుళముల పట్టాలు సాధారణము. ఇంగ్లాండు పెద్ద రైలుమార్గము వెడల్పు 4 అడుగుల 8½ అంగుళములు గనుక, అయిదు అంగుళముల పట్టామీద నడుచు ఇంజను పెద్దదానిలో సుమారు పదకొండవ వంతు. ఈ పాఠములో మనము దానినే దృష్టాంతముగా తీసికొందము.

ఆ దేశపు పాదిరులలో కూడ ఆవిరి ఇంజనులను ప్రేమించినవారు కలరు. 1945 మొదలుకొని పిల్లలకు రైలింజనుల కథలు వ్రాసిన ఆడ్రీ ఒక సంఘకాపరియే. ఆయన స్నేహితుడగు బోస్టన్ అను మరియొక పాదిరి, కేడ్బీ గ్రామములో తన పాదిరి బంగళా తోటలోనే 1963లో రెండడుగుల పట్టాలు వేసి, గనిలో పనిచేసి విడువబడిన ‘పిక్సీ’ అను 1919 నాటి ఇంజనును నడిపెను. అది నమూనా కాదు గాని, చిన్న ఇంజనును శ్రద్ధగా కాపాడుటయను విషయములో ఇద్దరి పని ఒక్కటే.

2. ఆవిరి స్వభావము

మన వంటయింటిలోని ప్రెషరు కుక్కరును చూడుడి. దాని మూతమీద బరువు ఉన్నది. లోపలి ఆవిరి ఒత్తిడి చదరపు అంగుళమునకు సుమారు 15 పౌండ్లు కాగానే ఆ బరువు లేచి ఈల వేయును. బరువు ఇరుకుకొని లేవనియెడల, మూతలో అమర్చిన మరియొక చిన్న బిళ్ల కరిగియో ఊడియో ఆవిరిని విడుచును. చిన్న ఇంజను బాయిలరు కూడ ఇట్టిదే. అయితే అది 80 లేక 90 పౌండ్ల ఒత్తిడితో పనిచేయును.

తెరచిన కుండలో నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును. 80 పౌండ్ల ఒత్తిడిలో సుమారు 162 డిగ్రీలవరకు మరుగదు. అట్టి నీటికి హఠాత్తుగా దారి దొరికినయెడల, దానిలో కొంత భాగము తక్షణమే ఆవిరిగా మారును. సాధారణ ఒత్తిడిలో ఒక గిన్నె నీరు ఆవిరియైన, సుమారు 1,600 గిన్నెల చోటు కావలెను. బాయిలరు పగులుటలోని అపాయమంతయు ఇదియే.

నిప్పు ఎట్లు మండునో కూడ తెలిసికొనవలెను. 1829లో రెయిన్‌హిల్ పందెములో గెలిచిన స్టీఫెన్‌సనుల ‘రాకెట్’ ఇంజనులో, నిప్పు సెగ 25 రాగి గొట్టముల గుండ నీటి మధ్యగా పోవునట్లు చేసిరి. పని ముగించిన ఆవిరిని పొగగొట్టములోనికి ఊదిరి. ఆ ఊదుడు పొగను తనవెంట ఈడ్చుకొనిపోగా నిప్పుక్రిందనుండి క్రొత్త గాలి వచ్చును. ఇంజను ఎంత గట్టిగా లాగునో నిప్పు అంత గట్టిగా మండును. చిన్న ఇంజనులోను ఇదే ఏర్పాటు ఉన్నది.

అయితే ఒక భేదమున్నది. పొడవు పదకొండవ వంతు చేసినయెడల, నీరు పట్టు చోటు పదకొండవ వంతు కాదు. పదకొండును మూడుసార్లు హెచ్చవేయగా వచ్చు 1,331వ వంతు. గనుక పెద్ద ఇంజను నడుపువాడు కొంత సేపు ఏమరినను నీరు మిగులును. చిన్నదానిలో కొద్ది నిమిషములలోనే బాయిలరు నిండుతనమునుండి అపాయమునకు దిగును. నిప్పు కూడ అట్లే. పిడికెడు బొగ్గు గనుక త్వరగా మండి త్వరగా చచ్చును. ఇంజను చిన్నదైనకొలది మెలకువ పెద్దది కావలెను.

3. బాయిలరు పరీక్ష

ఈ బాయిలరులను సాధారణముగా రాగిరేకుతో చేసి వెండి టంకముతో అతుకుదురు. గొట్టములు బిగించు దిమ్మెలను ఇత్తడితో చేయరు, కంచుతో చేయుదురు. ఏలయనగా వేడినీటిలో ఇత్తడిలోని తుత్తునాగము కాలక్రమమున కరిగిపోయి, చూచుటకు బాగుగనున్న లోహము లోపల బోలుగా మారును.

క్రొత్త బాయిలరును మొదట చన్నీటితోనే పరీక్షింతురు. గాలి లేకుండ నీరు నింపి, చేతి పంపుతో పని ఒత్తిడికి రెండంతలవరకు ఎక్కింతురు. 80 పౌండ్లతో పనిచేయవలసినది 160 పౌండ్లకు నిలువవలెను. నీరు దాదాపుగా నొక్కుకొనదు గనుక, ఎక్కడనైనను అతుకు విడినయెడల ఒక చుక్క కారును, ఒత్తిడి పడిపోవును, ఎవరికిని హాని కలుగదు. తరువాత కొన్ని సంవత్సరములకొకసారి ఒకటిన్నర రెట్ల ఒత్తిడితో ఈ పరీక్షను మరల చేయుదురు.

దీనికి తోడుగా ఏటేట ఆవిరి పరీక్ష యున్నది. నిప్పు బాగుగా మండించి, పొగగొట్టములోని బ్లోయరు తెరచి, రెగ్యులేటరు మూసి ఉంచుదురు. అప్పుడు సేఫ్టీ వాల్వులే ఆవిరినంతటిని విడువగలగవలెను. ఒత్తిడి పని ఒత్తిడికంటె నూటికి పదివంతులు మించి ఎక్కరాదు. సంఘములో ఆ పనికి నియమింపబడినవాడు చూచి, పత్రము వ్రాసి సంతకము చేయును.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. ఇంజనును చేసినవాడు ఎంత నేర్పరియైనను, తన బాయిలరుకు తానే పత్రము వ్రాసికొనడు. తన పనిలోని లోపము తన కంటికి కనబడకపోవచ్చును గనుక ఇతరుని కన్ను కావలెను. పత్రము గడువు దాటిన ఇంజనును, అది ఎవరిదైనను, పట్టాలమీదికి రానియ్యరు.

4. నిప్పు వేయకముందు

బండి నడుపవలసిన దినమున తొందరపడువాడు మధ్యాహ్నమునకు పట్టా ప్రక్కన నిలిచిపోవును. గనుక ఈ క్రమమును తప్పకుండ పాటింపవలెను.

మొదటిది, చూపు. ఇంజనును చేతితో మెల్లగా ముందుకును వెనుకకును త్రోయవలెను. ఎక్కడనైన పట్టుచున్నదా? చక్రము ఇరుసుమీద కదలుచున్నదా? కడ్డీల చివరనున్న మరలు, చీలలు తమ చోట ఉన్నవా? సడలిన ఒక చీల, నడుచుచుండగా ఊడినయెడల, కడ్డీ క్రిందికి వ్రేలాడి పట్టాలలో తట్టుకొని ఇంజనునే పడగొట్టవచ్చును.

రెండవది, పొగపెట్టె. ఇంజను ముందరి తలుపు తెరచి బూడిద తీసి, ప్రతి గొట్టములోను తగిన కుంచెను పంపి మసి తుడువవలెను. మసి వేడికి అడ్డుగా నిలుచును. ఊదుడు రంధ్రము తేటగా ఉన్నదో లేదో చూచి, తలుపును బిగువుగా మూయవలెను. తలుపు సందునుండి గాలి చొరబడినయెడల, నిప్పుక్రిందనుండి రావలసిన గాలి రాదు. నిప్పు సరిగా మండనప్పుడు అనేకులు బొగ్గును నిందింతురు. లోపము తలుపులో ఉండును.

మూడవది, నిప్పుపెట్టె. నిప్పుకమ్ముల మధ్య కరిగి గట్టిపడిన చిట్టెమును తీసివేసి, బూడిద పళ్లెమును ఖాళీ చేయవలెను. కమ్ములను క్రిందికి వదలు చీల సులభముగా ఊడి వచ్చుచున్నదా యని లాగి చూడవలెను. ఆపదలో నిప్పును ఒక్క క్షణములో పడవేయుటకు అదియే దారి.

నాలుగవది, నీరు. బాయిలరులో గాజుగొట్టము సగము దాటువరకు నీరు పోయవలెను. తొట్లను నింపి, నీటిని సన్నని జల్లెడగుండ వడగట్టవలెను. చిన్న ఇసుక రేణువు ఒకటి వాల్వు గుండుక్రింద చిక్కినయెడల పంపు పనిచేయదు. ఆగ్నేయ ఇంగ్లాండులో సుద్దనేలల నీరు సున్నముతో నిండినది గనుక, తెలిసినవారు వాననీటిని పట్టి ఉంచుకొందురు.

అయిదవది, నూనె. రెండు రకముల నూనెలు వేరు వేరుగా ఉంచవలెను. ఇరుసులకు, కడ్డీల కీళ్లకు మామూలు యంత్రపు నూనె చాలును. సిలిండరులకు మాత్రము చిక్కని ఆవిరి నూనెయే కావలెను. మామూలు నూనె వేడి ఆవిరిలో కొట్టుకొనిపోయి, లోహము లోహముతో రాచుకొనును. ఇరుసుకు పోయు నూనె సిలిండరు డబ్బాలో పోసినవాడు ఆ దినమున ఏమియు గమనింపకపోవచ్చును. నష్టము తరువాత తెలియును.

5. నిప్పు రాజేయుట

రెగ్యులేటరు మూసియున్నదని, లీవరు మధ్యలో ఉన్నదని, డ్రెయిన్ కాక్‌లు తెరచియున్నవని, చక్రములకు అడ్డు ఉన్నదని మరల చూడవలెను.

ముందటి రాత్రియే కట్టెబొగ్గు ముక్కలను మూతగల డబ్బాలో కిరసనాయిలులో నానబెట్టి, ఉదయమున మిగిలిన నూనెను వంచివేయవలెను. చిన్న ఇంజను పొగగొట్టము పొట్టిది గనుక దానంతట అది గాలిని ఈడ్వజాలదు. పొగగొట్టముపైన చిన్న విద్యుత్ పంకాను బిగించి త్రిప్పినయెడల, అది గాలిని లాగి నిప్పును లేపును. నానిన బొగ్గు పరచి, వెలిగించి, తలుపు మూయవలెను. అది ఎర్రగా రాజుకొనిన తరువాత పొడి కట్టెబొగ్గు, ఆ పైన కొంచెము కొంచెముగా రాక్షసి బొగ్గు వేయవలెను. బొగ్గు ముక్కలు చింతగింజకంటె పెద్దవిగాను, కుంకుడుకాయకంటె చిన్నవిగాను ఉండునట్లు జల్లించి, పొడిని తీసివేయవలెను. పొడి గాలిదారులను మూయును.

రాజుకొన్న నిప్పుమీద కిరసనాయిలు ఎన్నడును పోయరాదు. మన ఇండ్ల పొయ్యిల వద్ద ఎందరి ప్రాణములు ఈ ఒక్క పనివలన పోయినవో మనకు తెలియును. చిన్న నిప్పుపెట్టె ఎదుట వంగి కూర్చున్నవాని ముఖము దానికి మరింత దగ్గరగా నుండును.

ఇరువది ముప్పది నిమిషములలో ఒత్తిడి ముల్లు కదలును. 20, 30 పౌండ్లు కాగానే ఇంజను తన బ్లోయరుతో తానే గాలి లాగుకొనగలదు, పంకాను తీసివేయవచ్చును. ఈ సమయమున ఇంజనును విడిచి పోరాదు. ఎవరైన మాటలకు పిలిచినను కన్ను గాజుమీదను ముల్లుమీదను ఉండవలెను.

6. కదలకముందు చేయు పరీక్షలు

ఒకటి, నీటి గాజు. దానిక్రింది కాక్ తెరచినయెడల నీరు బుస్సుమని పోవలెను; మూయగానే నీరు చురుకుగా మరల ఎక్కవలెను. మెల్లగా ప్రాకినయెడల దారిలో మురికి ఉన్నది. చిన్న గాజుగొట్టము సన్నము గనుక, నీటిచుక్క గోడలకు అంటుకొని లేని నీటిని ఉన్నట్లు చూపును. గాజు అబద్ధమాడుచున్నదేమోయని అప్పుడప్పుడు పరీక్షింపనివాడు గాజును నమ్మి చెడును.

రెండు, సేఫ్టీ వాల్వులు. ముల్లు ఎర్రగీతను చేరగానే అవి తమంతట తాము లేవవలెను, కొంచెము తగ్గగానే కూర్చుండవలెను. ఆవిరి వృథా అగుచున్నదని వాల్వును బిగించుట కుక్కరు బరువుమీద రాయి పెట్టుటవంటిది.

మూడు, నీరు పంపు సాధనములు. ఒక దానిపైనొకటి ఆధారపడని రెండు మార్గములైనను ఉండవలెను. ఇరుసు పంపు ఇంజను నడుచునప్పుడే పనిచేయును. చేతి పంపు ఎప్పుడైనను పనిచేయును. మూడవది ఇంజెక్టరు, దీనిని 1858లో ఫ్రాన్సు దేశస్థుడైన ఆంరీ జిఫార్ కనిపెట్టెను. ఆవిరి సన్నని మొనగుండ వేగముగా దూకి, చన్నీటిలో కలిసి, చల్లబడి, ఆ నీటికి తన వేగమునిచ్చును. ఆ వేగమే ఒత్తిడిగా మారి నీటిని అదే బాయిలరులోనికి త్రోయును. మొదట నీరు, తరువాత ఆవిరి తెరచిన, సన్నగా పాడుచు నీటిని పుచ్చుకొనును. తొట్టినీరు వేడెక్కినను, గొట్టములో గాలి చొరబడినను, మొనలలో గార పట్టినను పనిచేయదు. ఈ మార్గములన్నియు పనిచేయుచున్నవని చూచిన తరువాతనే పిల్లలను ఎక్కింపవలెను.

నాలుగు, మొదటి అడుగు. చల్లని సిలిండరులో ప్రవేశించిన ఆవిరి నీరగును. నీరు నొక్కుకొనదు గనుక, పిస్టను దానిమీదికి గట్టిగా వచ్చినయెడల సిలిండరు మూతనైనను కడ్డీనైనను చెరపును. అందుచేత డ్రెయిన్ కాక్‌లు తెరచియే, రెగ్యులేటరును వెండ్రుకవాసి తెరచి, ఇంజనును మెల్లగా ముందుకు వెనుకకు నడిపి, నీరంతయు పోయి పొడి ఆవిరి వచ్చువరకు ఓపిక పట్టవలెను.

7. దారిలో

బొగ్గు విషయములో నియమము: కొంచెము, తరచుగా. ఒకేసారి నిండుగా వేసినయెడల నిప్పు అణగిపోవును. ఎత్తు ఎక్కుచున్నప్పుడు కాదు, ఎత్తు రాకముందే వేయవలెను. నీటి విషయములోను అంతే. చన్నీరు చేరగానే ఒత్తిడి తగ్గును గనుక, ఆవిరి మిగులుగా ఉన్నప్పుడు, దిగుడులోనో ఆగినచోటనో నీరు పోయవలెను.

బాయిలరు మరీ నిండినను కష్టమే. నీరు ఆవిరితో కలిసి పొంగి సిలిండరులలోనికి పోవును; పొగగొట్టమునుండి మురికినీరు చిమ్మును. అప్పుడు రెగ్యులేటరు కొంచెము మూసి, డ్రెయిన్ కాక్‌లు తెరవవలెను.

కూర్చున్న పిల్లలకు బయలుదేరకముందే చెప్పవలసినది చెప్పవలెను: చేతులు, కాళ్లు లోపల ఉంచవలెను, ప్రక్కకు వాలరాదు, బండి నిలిచినదని చెప్పువరకు దిగరాదు. నడుపువాని చూపు నాలుగు చోట్ల తిరుగుచుండవలెను: ముందు దారి, వెనుక పిల్లలు, ఒత్తిడి ముల్లు, నీటి గాజు. వీటిలో కడపటిదానిని మరచుట అన్నిటికంటె ఘోరము.

8. నీరు కనబడనప్పుడు

నిప్పుపెట్టె పైకప్పు రేకుమీద ఎప్పుడును నీరు కప్పియుండవలెను. క్రింద నిప్పు ఎంత మండినను, పైన నీరున్నంతవరకు ఆ రేకు నీటికంటె చాల ఎక్కువ వేడెక్కదు. నీటితో నిండిన మట్టికుండ పొయ్యిమీద నిలుచును, నీరు ఇగిరినది పగులును గదా. నీరు దిగి రేకు బయలుపడినయెడల అది నిప్పుతో సమముగా కాగును. కాగిన రాగి బలము కోల్పోవును. పైనున్న 80 పౌండ్ల ఒత్తిడి దానిని క్రిందికి వంచును.

గాజులో నీరు కనబడనియెడల చేయవలసినది ఇది. బండి ఆపుము. పిల్లలను దింపి దూరముగా పంపుము. చీల లాగి నిప్పును క్రింద పడవేయుము. బాయిలరులోనికి నీరు పంపకుము. కాగిన రేకుమీద చన్నీరు పడినయెడల హఠాత్తుగా ఆవిరి లేచును, లోహము ముడుచుకొని చీలును. ఇంజనును దానంతట చల్లారనిచ్చి, బాయిలరును మరల పరీక్ష చేయించువరకు నిప్పు వేయకుము.

గాజు అడుగు భాగమును పైకప్పు రేకుకు కొంచెము పైగానే అమర్చుదురు గనుక ఇంకను కొంత నీరు ఉండవచ్చునని కొందరు తలంతురు. ఉండవచ్చును. గాని కనబడని నీరు ఎంత ఉన్నదో చూడగలవాడెవడు? వరుసలో నిలిచియున్న పిల్లలు నిరాశపడుదురని, తోటివారు నవ్వుదురని నిప్పు పడవేయుటకు వెనుదీయు ఘడియలోనే ప్రమాదము ఉన్నది. నిప్పును పడవేసినవానికి ఒక దినపు ఆట పోవును. పడవేయనివానికి పోవునది దానితో సరితూగదు.

9. దినాంతమందు

అందరు ఇండ్లకు వెళ్లుచుండగా నడుపువానికి ఇంకను ఒక గంట పని ఉన్నది. నిప్పు తీసివేసి, ఒత్తిడి సుమారు 20 పౌండ్లకు దిగిన తరువాత, ఎవరి కాళ్లకును తగులని వైపునకు బ్లోడౌను వాల్వు తెరచి, అడుగున పేరిన మడ్డిని నీటితోకూడ వెళ్లగొట్టవలెను. గొట్టములు వెచ్చగా ఉండగానే కుంచె వేయవలెను. చల్లారిన తడి మసి గట్టిపడి లోహమును తినును. బూడిదను, పొగపెట్టెను శుభ్రపరచి, నూనె డబ్బాలో చేరిన నీటిని తీసి, ఇంజనంతటిని గుడ్డతో తుడువవలెను.

తుడుచుట అందముకొరకు మాత్రమే కాదు. చేయి ప్రతి భాగమును తాకును గనుక, సడలిన మర, సన్నని చీలిక, కారిన నీటి తెల్లని జాడ అప్పుడే దొరకును. ఆ దేశమున చలికాలమందు నీరు గడ్డకట్టును. గడ్డకట్టిన నీరు సుమారు నూటికి తొమ్మిదివంతులు పెరిగి, పంపును ఇంజెక్టరును పగులగొట్టును. గనుక తొట్లు, గొట్టములు, పంపులు అన్నియు ఖాళీ చేసియే లోపల పెట్టవలెను.

10. ఏడాది పొడుగునా

చలికాలమందు పట్టాలు ఖాళీగా ఉండును. కొట్టములో పని నిండుగా ఉండును. బాయిలరులోని మడ్డిని శుభ్రమైన నీటితో కడుగుదురు. గార ఎక్కువగా పట్టినయెడల సిట్రిక్ ఆమ్లమును, అనగా నిమ్మపులుపును, నీటిలో కలిపి నిలువ ఉంచి, తరువాత పలుమారులు కడుగుదురు. ఇంజెక్టరు మొనలను కూడ అట్టి పులుపులోనే నానబెట్టుదురు. సూదితో గోకరు, ఏలయనగా వెండ్రుకవాసి గీత పడినను అది పనికిరాదు. పిస్టను కడ్డీవద్ద ఆవిరి కారుచున్నయెడల అక్కడి త్రాటి చుట్టను మార్చుదురు. వాల్వు గుండ్లను, వాటి పీఠములను శుభ్రపరచి సరిగా కూర్చుండునట్లు చేయుదురు. అరిగిన కీళ్లకు క్రొత్త కంచు పొదుగుదురు. చేసిన ప్రతి పనిని తేదీతో పుస్తకములో వ్రాసి ఉంచుదురు. ఇంజనులు తరచుగా చేసినవానికంటె ఎక్కువ కాలము బ్రదుకును. తరువాత పుచ్చుకొనువానికి ఆ పుస్తకమే సాక్షి.

జ్ఞాపకముంచుకొనవలసినవి

నీరు మొదట, నిప్పు తరువాత. నీరు కనబడనిచోట నిప్పు ఉండరాదు. ఇరుసు నూనె వేరు, సిలిండరు నూనె వేరు. సేఫ్టీ వాల్వును తాకరాదు. పత్రము లేని ఇంజను ఇంటనే ఉండవలెను. పని ముగిసినది అనగా తుడిచి ఖాళీ చేసి పెట్టుటయే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పదకొండవ వంతు పొడవుగల ఇంజనులో నీరు అంత త్వరగా ఏల తరుగును?
2. క్రొత్త బాయిలరును ఆవిరితో కాక చన్నీటితో మొదట ఏల పరీక్షింతురు?
3. తన బాయిలరుకు తానే పత్రము ఏల వ్రాసికొనరాదు? మన రైసు మిల్లు బాయిలరులకును, బడి పిల్లలను ఎక్కించు బండ్లకును ఈ మాట ఎట్లు వర్తించును?
4. మీ ఇంటి కుక్కరు మూతలోని రక్షణ బిళ్లను, లోపలి రబ్బరును కడపటిసారి ఎప్పుడు చూచితిరి? అరిగినదైనయెడల ఈ వారమే మార్చుడి.